గొర్రె చెవి మీది ఇంటిపేరు

నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒక్కటే. నా కొడుకు రేపు పెద్దవాడై "నేనెవరి వాణ్ణమ్మా?" అని అడిగితే, చెప్పడానికి నా దగ్గర పేరు లేకపోవడం. వాడికి దగ్గొచ్చినా భయపడతాను, వాగు పొంగినా భయపడతాను, నిద్రలో ఊపిరి గట్టిగా తీస్తే లేచి కూర్చుంటాను. అవన్నీ తెల్లారితే పోయే భయాలు. ఇది తెల్లారినా పోయేది కాదు. ఆ ఏడు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నా కొంగు పట్టుకునే తిరిగింది.

మా ఆయన విల్ఫ్ ఆ మార్చిలో మంచులో కూరుకుపోయిన గొర్రెల్ని తవ్వి తీయడానికి వెళ్ళి, ఊపిరితిత్తులకి జబ్బు తెచ్చుకుని, పదిరోజుల్లో పోయాడు. అప్పటికి మా ఏంబ్రోస్‌కి ఏడాదిన్నర. మేముండే చోటు థార్న్స్. ఆ ఇంటికీ, వెనక కొండ మీద మేతకీ పాత కట్టడి ఒకటుంది. కెల్డ్రిక్ వంశంలో పెద్దకొడుకు వరస ఉన్నంతకాలం అవి ఆ వరసవి. అది తెగితే తరవాతి వరసవి. విల్ఫ్‌ది పెద్దకొడుకు వరస. విల్ఫ్ తాత ఏమస్, ముత్తాత మాథ్యూ, ఆ పైన ఎవరెవరో నాకు తెలీదు, కొండకి తెలుసు.

కెల్డ్రిక్ అనే ఇంటిపేరు దేశంలో బహు అరుదు. మా ఆస్క్‌బెక్ లోయలో మాత్రం రాయి విసిరితే కెల్డ్రిక్‌కే తగులుతుంది, తిరిగి విసిరేవాడూ కెల్డ్రిక్కే. అందుకని ఇక్కడ ఆ పేరుతో ఎవరూ ఎవరినీ పిలవరు. మా ఆయన థార్న్స్ విల్ఫ్. కొండ మొదట్లో గేటు దగ్గరుండే దాయాది గేట్ రూబెన్. వాగు ఒడ్డునుండే ముసలాయన బెక్ ఈనోక్. పక్క లోయ నుంచి కాపరానికి వచ్చిన కొత్తలో నేను "కెల్డ్రిక్ గారూ" అని పిలిస్తే చర్చి ముందున్న మగవాళ్ళంతా ఒకేసారి తల తిప్పారు. దానికి విల్ఫ్ వారం రోజులు నవ్వాడు.

రెండేళ్ళ కిందట దక్షిణాది సముద్రతీరం నుంచి లయొనెల్ కెల్డ్రిక్ అనే పెద్దమనిషి వచ్చి మా పబ్బు మేడ మీద గది తీసుకున్నాడు. అరవై అయిదేళ్ళవాడు, బడిపంతులుగా చేసి మానుకున్నవాడు, పెళ్ళి లేదు. తన వాళ్ళు రెండువందల ఏళ్ళనాడే ఈ లోయ వదిలిపోయారనీ, ఇప్పుడు ఈ ఇంటిపేరు చరిత్ర పుస్తకంగా రాస్తున్నాననీ చెప్పాడు. మా పేరుకి చరిత్ర ఉందన్న సంగతి మాకే తెలీదు. ఛాతీలు పొంగించుకుని తిరిగాం. నేను వారానికోసారి అల్లం కేకు చేసి పంపేదాన్ని.

ఆయనే సెప్టెంబరులో టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. చెప్పడానికి బాధగా ఉందంటూనే అంతా చెప్పాడు. నూట ముప్ఫై ఏళ్ళ కిందటి బాప్తిస్మం పుస్తకంలో విల్ఫ్ తాత 'ఏమస్ కెల్డ్రిక్' అని లేదట. 'ఏమస్ థార్న్స్' అని ఉందట. దిక్కులేని పసివాణ్ణి ఎక్కడినుంచో తెచ్చి, పెంచిన చోటి పేరే ఇంటిపేరుగా పెట్టినట్టు అర్థమట. దానికి తోడు చర్చి పెట్టె అడుగున పాత ఉత్తరమొకటి దొరికిందని తీసి చదివాడు: "అనాథాశ్రమం నుంచి తెచ్చిన ఏమస్ అనువాడు, మాథ్యూ కెల్డ్రిక్ దయవల్ల కెల్డ్రిక్ పేరు పెట్టుకున్నాడు. దీనికి ఐజక్ కెల్డ్రిక్, జోసెఫ్ కెల్డ్రిక్ సాక్షులు."

అంటే విల్ఫ్ కెల్డ్రిక్ కాడు. నా ఒళ్ళో వేళ్ళు చీకుతున్నవాడూ కాడు.

మర్నాడు ఊరంతా పాకింది. మూడోనాడు ఇంకో సంగతి జరిగింది. పబ్బులో పిండిపెట్టె మీద ఎప్పుడూ పడుండే గొర్రెల గుర్తుల పుస్తకం మాయమైంది. ఏ మంద ఎవరిది, ఆ గుర్తు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్నది అందులో ఉంటుంది. దానికి కాపలాదారు బెక్ ఈనోక్. నవంబరు రెండో శనివారం తప్పిపోయిన గొర్రెల్ని ఎవరివి వాళ్ళకి అప్పగించే సభ జరుగుతుంది. థార్న్స్ ఎవరిదో ఆ రోజే తేలుస్తామన్నారు పెద్దలు. పుస్తకం పోవడంతో నా వైపు చెప్పే కాగితం ఒక్కటీ లేకుండా పోయింది.

బజారు ఊళ్ళో మిస్ టాటర్సల్ అనే ఆమె ఉందనీ, పోయిన వారసుల్నీ పోయిన సంగతుల్నీ వెతికిపెడుతుందనీ మా పాదిరి గారి భార్య చెప్పింది. నా చేతిరాత నాకే అర్థం కాదు, అయినా రాశాను. నాలుగోనాడు పాత వ్యాన్ ఒకటి దగ్గుకుంటూ మా గుమ్మం ముందు ఆగింది.

దిగిన మనిషి పొట్టిగా, సన్నగా, పిచ్చుకలా ఉంది. ఇరవై రెండేళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిందట. వ్యాన్ నడిపే క్లెగ్ ఒకప్పటి పోస్టుమాను, ద్వారబంధం తలకి తగిలేంత మనిషి. ఆమె వెనకే నిలబడి, ఆమె మాట్లాడుతుంటే బోధ వింటున్నట్టు తలాడించేవాడు. ఆమె ఏంబ్రోస్ జోళ్ళు చూస్తుండగా నాతో మెల్లిగా అన్నాడు: "దేశం మొత్తం ఆవిడకి అతుకుల బొంతలాంటిదమ్మా. ఏ ఇంటిపేరు ముక్క ఎక్కడ కుట్టుందో కళ్ళు మూసుకుని చెప్తుంది."

నేను కళ్ళు తుడుచుకుంటూ మొదలుపెట్టాను. ఆమె ఆపింది.

"ఏడుపు తరవాత చూద్దాం అమ్మాయ్. కెల్డ్రిక్కులు దేశంలో ముప్ఫై ఒక్క గడప. ఇరవై రెండు ఈ లోయలో. అయిదు డరమ్ బొగ్గు గనుల దగ్గర. సీసం గనులు మూతబడ్డప్పుడు ఇక్కణ్ణుంచి పోయినవాళ్ళు. మూడు లాంకషైర్ నూలు మిల్లుల దగ్గర. ఎన్నయినయ్?"

ముప్ఫై అన్నాను.

"ముప్ఫై ఒకటోది ఓల్డ్‌హేవెన్‌లో. సముద్రం ఒడ్డున. ఆ జిల్లా మొత్తానికి ఆ ఒక్కటే. ఒక్క గడప దానంతటది మొలవదు. ఎవడో ఒకడు వెళ్ళుండాలి. ఎప్పుడు వెళ్ళాడన్నదే నాక్కావాలి." అని అక్కడే నా బల్ల మీద ఓల్డ్‌హేవెన్ పాదిరికి ఉత్తరం రాసి, క్లెగ్ చేతికిచ్చింది.

మొదట గేట్ రూబెన్‌ని కలిశాం. మా వరస తెగితే థార్న్స్ తనకే వస్తుందని అందరికంటే ముందు లెక్కేసుకున్నవాడు ఆయనే. కంచె మీద చేతులు ఆనించి, మమ్మల్ని లోపలికి రమ్మనకుండానే మాట్లాడాడు. వస్తే వదలనన్నాడు. వదలాల్సిన అవసరం తనకేమిటన్నాడు. పుస్తకం నువ్వే తీశావంటున్నారని మిస్ టాటర్సల్ మొహం మీదే అంది. రూబెన్‌కి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

"పుస్తకం తీస్తే నాకేం ఒరుగుద్ది? కొండ మీద నాలుగొందల గొర్రెలు చెవులేసుకుని తిరుగుతున్నాయి. వాటిని కూడా పిండిపెట్టె మీంచి ఎత్తుకుపోవాలా?"

ఆమె క్లెగ్ వైపు చూసింది. క్లెగ్ తలాడించాడు. నాకేమీ అర్థం కాలేదు.

బెక్ ఈనోక్ మాకు టీ ఇచ్చి, తన తప్పేనని మూడుసార్లు అన్నాడు. ఎనభై దాటిన మనిషి. పుస్తకం ఎలా ఉంటుందని ఆమె అడిగితే వేలితో బల్ల మీద గీసి చూపించాడు. పేజీకొక గొర్రె మొహం, నేరుగా మన మొహంలోకి చూస్తున్నట్టు. చెవుల మీద కోతలు. కింద పేర్లు. చెవి కోతలకి రూలేమిటని ఆమె అడిగింది. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. తండ్రి కోత పెద్దకొడుక్కి అలాగే వస్తుంది. చిన్నవాడైతే దానికి ఒక గంటు కలుపుకోవాలి. బయటివాడెవడైనా ఇల్లరికం వచ్చినా, పెంపకానికి వచ్చినా, కొని వచ్చినా సరే, సభలో నిలబడి కొత్త కోత అడిగి తీసుకోవాలి. పాతది ముట్టుకోకూడదు.

"ముట్టుకుంటే?" అంది ఆమె.

"ఎందుకు ముట్టుకుంటాడమ్మా?" అన్నాడు ఈనోక్, ఆ ప్రశ్నే తిక్కగా ఉన్నట్టు.

చర్చిలో ఆమె ఒక పూటంతా కూచుంది. చూసింది ఏమస్ బాప్తిస్మం జరిగిన ఆ ఒక్క చలికాలం పేజీలే. నేను పిల్లాణ్ణి ఆడిస్తూ బయట రాళ్ళ మీద కూచున్నాను. బయటికొచ్చి, ఆ ఏడు పాదిరి ఎవరని మా పాదిరి గారినడిగింది. ఆ చలికాలమంతా పాదిరి మంచాన పడుంటే, లోయలోనే పుట్టిన గుమస్తా ఒకడు పుస్తకం రాశాడని ఆయన చెప్పారు. "అదీ" అని మాత్రం అంది.

ఆఖరికి లయొనెల్ గదికి వెళ్ళాం. ఎంత మర్యాదగా లేచి నిలబడ్డాడో చెప్పలేను. నా చేతిలో పిల్లాణ్ణి చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. గోడ నిండా దేశపటం, దాని మీద ముప్ఫై ఒక్క గుండుసూదులు. మిస్ టాటర్సల్ వాటి ముందు నిలబడి చాలాసేపు మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఉత్తది కాదని నాకు తెలుస్తూనే ఉంది. గొర్రెల గుర్తుల గురించి పుస్తకంలో రాశారా అని అడిగింది. లేదన్నాడు. గుర్తుల పుస్తకం చూద్దామనుకునే లోపే పోయిందన్నాడు. గొర్రెలా, వాటి దగ్గరికే పోనన్నాడు. ఉన్ని సోకితే తుమ్ములు ఆగవట, రెండేళ్ళలో ఒక్కసారి కూడా దొడ్డి దాటి పోలేదట.

"అయ్యో" అంది ఆమె. "థార్న్స్ గుర్తు ఏదో తెలిస్తే బాగుండేది. ఈ అమ్మాయి ఏడుస్తూ సరిగ్గా చెప్పలేకపోతోంది."

నేను ఏడవడం లేదు. నోరు తెరవబోయాను, క్లెగ్ కాలు నా కాలికి తగిలింది.

"కుడిచెవి కొస నరికి, ఎడమచెవికి కింద గంటు" అన్నాడు లయొనెల్ సాయం చేస్తున్నట్టు. "లోయలో అందరూ అనుకునేదే కదా."

ఆమె థాంక్స్ చెప్పి లేచింది.

సభ రోజు పబ్బు వెనక దొడ్లన్నీ గొర్రెలతో నిండిపోయాయి. పొద్దున్నే మంచు కురిసి ఆగింది. ఓల్డ్‌హేవెన్ నుంచి జాబు ముందు రోజే వచ్చింది. మిస్ టాటర్సల్ దాన్ని కోటు జేబులో పెట్టుకుని, పెద్దలందరినీ, రూబెన్‌నీ, లయొనెల్‌నీ గోడవార నిలబెట్టింది. నేను ఏంబ్రోస్‌ని గట్టిగా పట్టుకుని ఉన్నాను, వాడు నొప్పెట్టి గింజుకునేంత గట్టిగా.

ముందు బాప్తిస్మం పుస్తకం తెరిపించింది. పాదిరి గారు చదివారు: ఏమస్ థార్న్స్. ఆ పేజీలోనే ఇంకా కిందికి చదవమంది. మార్తా ఇంగ్స్. జోసెఫ్ బెక్. తరవాత పాదిరి గారు ఆగి, కళ్ళజోడు సర్దుకుని, "ఐజక్ గేట్" అని చదివారు.

"ఐజక్ మా తాత" అన్నాడు రూబెన్.

"అవును. మీ తాత కూడా అనాథేనా రూబెన్?" అంది ఆమె.

ముందు ఎవరికీ నవ్వు రాలేదు. తరవాత ఈనోక్ మొదలుపెట్టాడు, దొడ్డి దొడ్డంతా అందుకుంది. రూబెన్ ఒక్కడే ఎర్రబడ్డ మొహంతో, తన తాతని ఎవరైనా ఏమైనా అంటే చూసుకుందామన్నట్టు చుట్టూ చూశాడు.

ఆమె నవ్వు ఆగేదాకా ఉండి చెప్పింది. ఆ గుమస్తా ఇక్కడివాడు. అందరూ కెల్డ్రిక్కులే అయిన చోట కెల్డ్రిక్ అని రాయడం, వానలో తడిసినవాడి మీద నీళ్ళు పోయడం లాంటిది. ఎవరిని ఎలా పిలుస్తారో అలాగే రాసేశాడు. ఈ తప్పు ఈ లోయవాడు తప్ప దేశంలో ఇంకెవడూ చెయ్యడు.

తరవాత లయొనెల్ చదివిన ఆ పాత ఉత్తరం తీసింది. అదే తూనికతో తూచింది. అందులో కెల్డ్రిక్ అనే మాట నాలుగుసార్లుంది. ఈ లోయలో ఒకడు ఇంకొకడికి రాసిన కాగితాల్లో ఆ మాట ఎక్కడైనా ఉందా అని పెద్దల్నడిగింది. గేట్ ఐజక్ అంటారు, బెక్ జోసెఫ్ అంటారు. ఐజక్ కెల్డ్రిక్ అని రాస్తే, ఏ ఐజక్కో ఇక్కడ ఎవరికీ తెలీదు. దాన్ని రాసినవాడికి ఈ పేరు అరుదైనదిగా తెలుసు. అంటే బయట బతికినవాడు.

లయొనెల్ చేతికర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు.

పుస్తకం దొంగ సంగతికొచ్చింది. ఇక్కడివాడెవడూ దాన్ని తియ్యడు, పుస్తకం పోతే గుర్తు పోదని వాడికి తెలుసు కాబట్టి. సాక్ష్యం కాగితంలోనే ఉంటుందనుకునేవాడే తీస్తాడు. అలా అని, థార్న్స్ గొర్రె ఒకదాన్ని తెమ్మంది. రూబెన్ తనే వెళ్ళి, కొమ్ములు పట్టి, మధ్యలోకి లాక్కొచ్చాడు. ఏ చెవి నరికుందో చెప్పమంది. ఎడమ, అన్నాడు. ఎడమేనని వందమందికీ కనిపిస్తోంది.

"లయొనెల్ గారు నాతో కుడి అన్నారు. మీలో ఎవరి నోటా ఆయన అలా విని ఉండరు. గొర్రెని చూసీ ఉండరు, దొడ్డి దాటి పోలేదని ఆయనే చెప్పారు. ఆ చెవి కుడివైపు కనిపించేది ఒక్కచోటే. మన మొహంలోకి చూస్తున్న గొర్రె బొమ్మలో. ఆయన చూడకముందే పోయిందన్న పుస్తకంలో."

చివరికి కోటు జేబులోని జాబు తీసింది. ఓల్డ్‌హేవెన్ చర్చిలో ఉన్న పెళ్ళి వివరం అది. క్రిస్టఫర్ కెల్డ్రిక్, మేజోళ్ళ వ్యాపారి, పుట్టింది ఆస్క్‌బెక్ లోయలోని థార్న్స్‌లో, మాథ్యూ రెండో కొడుకు. లయొనెల్ సొంత తాత. రెండువందల ఏళ్ళ మాట అబద్ధం. ఏమస్ లేకపోతే పెద్దవరస రూబెన్‌ది కాదు, లయొనెల్‌ది.

రూబెన్ అప్పుడు మాత్రం గట్టిగా ఊపిరి వదిలాడు. థార్న్స్ నీదేనని ఆశపెట్టిన మనిషి తనకే టోపీ పెట్టబోయాడని అర్థమై.

"ఇక ఏమస్ సంగతి" అంది ఆమె. "బయటివాడు పాత కోత ముట్టుకోకూడదు. ఏమస్ గొర్రెలకి గంటైనా కలపకుండా మాథ్యూ కోతే ఉంది. ఇదివరకటి సభలన్నిట్లో మీ తాతలు ముత్తాతలు ఈ దొడ్డి చుట్టూ నిలబడి ఏటేటా ఆ చెవులు చూశారు. ఒక్కరైనా కాదన్నారా? మీకిది పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెలిసింది కాబట్టే సాక్ష్యమని తోచలేదు. కాగితం చూడగానే మీ గొర్రెల మీద మీకే నమ్మకం పోయింది."

ఈనోక్ ఆ గొర్రె చెవి పట్టుకుని, నా దగ్గరికొచ్చి, ఏంబ్రోస్ వేళ్ళు దాని కొస మీద పెట్టాడు. వాడికి చక్కిలిగింతలయ్యాయి, నవ్వాడు. "థార్న్స్ ఏంబ్రోస్" అని పిలిచాడు ఈనోక్, సభలో మంద పిలిచే గొంతుతో. అందరూ ఒకేసారి "ఉన్నాడు" అన్నారు. రూబెన్ గొంతు అందరికంటే పెద్దగా వినిపించింది. నాకు రెండేళ్ళ కొడుకున్నాడని అప్పటిదాకా తెలుసు. రెండువందల ఏళ్ళ కొడుకున్నాడని అప్పుడు తెలిసింది. అంత నిటారుగా నేనెప్పుడూ నిలబడలేదు.

లయొనెల్ కాదనలేదు. పుస్తకం తన పరుపు కింద ఉందన్నాడు. క్షమించమని అడగలేదు, నా వైపు తిరిగి ఒకటే చెప్పాడు.

"పుట్టినప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా నా పేరు మూడుసార్లు చెప్పాల్సొచ్చిందమ్మా. విని నవ్వేవాళ్ళు. ఇక్కడికొచ్చి ఒక్కసారి చెప్పాను, తలుపు తీశారు. మళ్ళీ బయటికి పోబుద్ధి కాలేదు."

పోలీసుల్ని పిలుద్దామని ఎవరో అన్నారు. రూబెన్ ఒప్పుకోలేదు. మాథ్యూ మనవణ్ణి పోలీసులకిస్తే మాథ్యూ ఏమనుకుంటాడన్నాడు. మనవడు కాదు మనవడి కొడుకని ఈనోక్ దిద్దాడు. ఆ వాదన ఇంకా తెమలకముందే లయొనెల్ పెట్టె సర్దుకుని సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. దేశపటం గోడకే వదిలేశాడు.

నేను మిస్ టాటర్సల్‌ని ఏమివ్వమంటారని అడిగితే, ఏడాదికొక అల్లం కేకు చాలంది. క్లెగ్ తలాడించలేదు. రెండు అన్నాడు.

నేను లయొనెల్‌కి ఉత్తరం రాశాను. క్రిస్మస్‌కి ఒకటి, మంచు కరిగాక ఒకటి. తప్పు చేశాడు, నా బిడ్డ నోటి ముందు కూడు లాగబోయాడు, అది నేను మరచిపోలేదు. కానీ ఆయన కూడా థార్న్స్ వాడే, ఏంబ్రోస్‌కి పెదనాన్న వరస. మా వాళ్ళెవరూ ఒంటరిగా ముసలివాళ్ళు కారు, ఇక్కడ అలా కానివ్వరు. రెండు ఉత్తరాలకీ జవాబు రాలేదు, ఆ ఉత్తరాలూ తిరిగి రాలేదు. జవాబు రాకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఓల్డ్‌హేవెన్ వైపు వెళ్తే, రేవు వెనక వీధిలో అడగండి. ఆ పేరున్న తలుపు ఒకటే ఉంటుంది. ఒకసారి తట్టి, మనిషి లేచి తిరుగుతున్నాడో లేదో, పొయ్యి వెలుగుతోందో లేదో చూసి, నాకొక ముక్క రాయండి. థర్జా, థార్న్స్, ఆస్క్‌బెక్ అని రాస్తే చాలు, అందుతుంది.